వస్తారా, రారా: చెరలో ఉన్న పాత్ర మనసు రాసే పద్ధతి

చెరలో పడ్డ మనిషి కథ రాసేటప్పుడు చాలామంది రెండే రంగులు వాడతారు. మొదటి సగంలో "తప్పకుండా వస్తారు", రెండో సగంలో "ఇక రారు". చివరి పేజీలో తలుపు బద్దలవుతుంది. ఎవరో ఒకరు వస్తారని పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి మధ్య పేజీలన్నీ గబగబా తిప్పేస్తాడు. "వస్తారా, రారా" అనేదాన్ని ఒకే ప్రశ్నగా తీసుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. అందులో ఆరు ప్రశ్నలు చిక్కుపడి ఉంటాయి. మీ పాత్ర వాటిలో దేని దగ్గర నిలబడిందో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

పద్ధతి మొత్తానికీ ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. రాయచోటి దగ్గర పల్లె నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్ళిన ఒక ఆవిడ. కల్పిత పాత్రే. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో పాస్‌పోర్టు, ఫోను లాగేసుకున్నారు. బయటి గేటుకు తాళం. ఆరు నెలలుగా జీతం లేదు. గొలుసులూ తుపాకులూ లేని చెర కాబట్టి భయమంతా మనసులోంచే చూపించాలి. రాయడానికి ఇదే కష్టం, అందుకే దీన్ని తీసుకున్నాం. చిక్కుపడ్డ చోటల్లా మన పాత కథల్లోకి తొంగి చూద్దాం. ఈ విద్యలో ఆ కథలు చెప్పినవాళ్ళు మనకన్నా చాలా ముందున్నారు.

1. మూడు గళ్ళు గీయండి

కథ మొదలుపెట్టకముందే ఒక తెల్లకాగితం అడ్డంగా తిప్పి మూడు నిలువు గళ్ళు గీయండి. బందీకి తెలిసినది, వెతకాల్సినవాళ్ళకు తెలిసినది, పాఠకుడికి తెలిసినది. ఎడమ అంచున రోజులో వారాలో వేసుకోండి. గడికి ఒక్క వాక్యం చాలు. ఐదారు వేల మాటల కథకు పది పన్నెండు వరుసలు సరిపోతాయి.

మన కథలో నాలుగో నెల చూడండి. ఆమె గడిలో: డబ్బు పోవడం ఆగింది కాబట్టి ఏదో జరిగిందని ఇంట్లో ఈపాటికి పసిగట్టి ఉంటారు. ఇంటివాళ్ళ గడిలో: డబ్బు పంపడం లేదు, ఫోను ఎత్తడం లేదు, అక్కడికి పోయాక మనిషి మారిపోయింది. మొగుడికి భయం పుట్టలేదు, కోపం వచ్చింది. పాఠకుడి గడిలో: ఈ రెండూ. ఆమె దేన్ని పట్టుకుని ఆశ పెట్టుకుందో అదే అక్కడ ఆమెను ఎవరూ వెతకకుండా చేస్తోంది. ఇలాంటి వరుస ఒక్కటి దొరికితే కథ దానంతటదే కదులుతుంది. మూడు గళ్ళలోనూ ఒకే మాట ఉన్న వరుసలుంటే కొట్టేయండి. అందరికీ అంతా తెలిసిన చోట చెప్పడానికి ఏమీ ఉండదు.

వాల్మీకి సుందరకాండ 26వ సర్గ చదివితే ఈ గళ్ళ బలం తెలుస్తుంది. నేనిక్కడ ఉన్నానని రాముడికి తెలిసి ఉండదు అనుకుంటుంది సీత. ఎందుకంటే ఆ సంగతి చెప్పగలిగిన ఒక్క జటాయువునూ రావణుడు పడగొట్టేశాడు. ఆమె చూసినంతలో అది నిక్కమైన లెక్క. కానీ జటాయువు రాముడు వచ్చేదాకా ప్రాణం నిలుపుకుని జరిగింది చెప్పాడని మనం అరణ్యకాండలోనే చదివాం. కొండమీద ఐదుగురు వానరుల మధ్య ఆమె జారవిడిచిన నగలమూట రాముడి చేతికి చేరిందనీ తెలుసు. ఆమె నిరాశ మనల్ని అంతగా పట్టుకోవడానికి కారణం ఇదే. ఆమె తెలివితక్కువగా ఆలోచించడం లేదు, తన దగ్గరున్న కొద్ది అంకెలతో సరిగ్గానే లెక్క వేస్తోంది. మీ బందీ చేత కూడా తప్పు లెక్క వేయించకండి. అంకెలు దాచండి, చాలు.

2. ఏ అనుమానమో తేల్చుకోండి

నేను ఎక్కడున్నానో వాళ్ళకు తెలుసా? అసలు వచ్చేవాడంటూ ఒకడున్నాడా? ఉంటే, నన్ను పట్టించుకుంటాడా? రావాలనుకున్నా రాగలడా? వేళకు రాగలడా? వచ్చేనాటికి నేను నేనుగా మిగిలి ఉంటానా?

వీటిలో ఒకటి ప్రధానంగా, ఇంకొకటి దానికి తోడుగా తీసుకోండి. ఆరూ కలిపితే పాత్ర ఊరికే గుండెలు బాదుకుంటున్నట్టు ఉంటుంది. పెద్ద నవలైతే ఒక దాన్నుంచి ఇంకోదానికి మారవచ్చు, కానీ మారేచోట కారణం కనిపించాలి. మన కువైట్ కథలో మొదట ఉండేది "వాళ్ళకు తెలుసా". ఏజెంటు ఒకరోజు గేటు దగ్గరికి వచ్చి "మీ ఆయనతో మాట్లాడినా, రెండేండ్లు అక్కడే ఉండనీ అన్నాడు" అని అబద్ధం ఆడతాడు. ఆ క్షణం నుంచి ప్రశ్న "పట్టించుకుంటాడా" అవుతుంది. ఒక్క వాక్యం నమ్మకం కింద నేలనే మార్చేసింది.

పోతన గజేంద్రుడిది రెండో అనుమానం. "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్న పాదం తెలుగువాళ్ళకు నోటికి వచ్చు. కానీ అది ఎక్కడ వస్తుందో గమనించినవాళ్ళు తక్కువ. అది స్తుతి మధ్యలో వస్తుంది. ఆ తర్వాత కొద్ది పద్యాలకే "లావొక్కింతయు లేదు" వస్తుంది. అంటే అనుమానం ముందు, శరణాగతి తర్వాత. ఈ వరుస తిరగేస్తే శరణాగతి తేలిపోతుంది. అనుమానం నోటితో అనేశాక మిగిలే నమ్మకానికి ఉండే బరువు, అసలు అనుమానమే రానివాడి నమ్మకానికి ఉండదు. ఇంకో సంగతి: ఆ రెండో పద్యంలో ఏనుగు తన ఒంటి సంగతే ముందు చెబుతుంది. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వస్తోంది, ఒళ్ళు డస్సింది. ఇవన్నీ అయ్యాకే "నీవే తప్ప" అన్న మాట. మీరు కూడా ఒళ్ళు ముందు రాయండి, మనసు తర్వాత.

భద్రాచలం తహసీల్దారు కంచర్ల గోపన్నది మూడో అనుమానం. ఆలయానికి సర్కారు సొమ్ము ఖర్చు పెట్టినందుకు తానీషా ఆయన్ని గోల్కొండలో బంధించాడు. పన్నెండేళ్ళ చెర అని సంప్రదాయం చెబుతుంది. చెరలో పాడిన "ఇక్ష్వాకుల తిలకా" కీర్తనలో రాముడు ఉన్నాడా అన్న అనుమానం మచ్చుకైనా లేదు. ఉన్నది పద్దు. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, ఎవరికి ఏం చేయించానో వరసగా చదివి, "ఎవడబ్బ సొమ్మని" అని నిలదీస్తాడు. వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అని తగ్గుతాడు. కోపం నమ్మకంలో భాగమే. లేనివాణ్ని ఎవరూ తిట్టరు. బందీ తనవాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే ఆశ ఇంకా ఉందని అర్థం. నిజంగా ఆశ పోయినప్పుడు వాళ్ళను వెనకేసుకొస్తుంది. "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అంటుంది. నమ్మకం పోయిందని ఎక్కడా రాయకుండా చూపించడానికి ఇంతకన్నా మంచి వాక్యం లేదు.

3. కాలాన్ని కొలిచే సాధనం ఇవ్వండి

గోడ మీద గీతలు వద్దు. అందరూ వాడి అరగదీశారు. ఆ చోటిలో నిజంగా ఏం వినిపిస్తుందో, ఏం కనిపిస్తుందో చూడండి. కువైట్ ఇంట్లో ఆమెకు గడియారం అక్కర్లేదు, రోజుకు ఐదుసార్లు అజాన్ వినిపిస్తుంది. వారం తెలియాలంటే శుక్రవారం మధ్యాహ్నం మసీదు మైకులో ప్రసంగం ఉంటుంది. నెల తెలియడానికి కిటికీలో చంద్రుడు. కువైట్‌కీ మన ఊరికీ రెండున్నర గంటల తేడా. అజాన్ విన్నప్పుడల్లా ఆమె రెండున్నర కలుపుకుంటుంది. ఇక్కడ పొద్దున ఐదు, అంటే అక్కడ ఏడున్నర, చిన్నోడికి జడుపు లేకుండా నీళ్ళు పోస్తున్నారో లేదో.

ఈ రెండున్నరే మీ కథకు థర్మామీటర్. ఆశ ఉన్నన్నాళ్ళూ కలుపుతుంది. ఒకరోజు కలపడం మరిచిపోతుంది. మర్నాడు గుర్తొచ్చి ఉలిక్కిపడుతుంది. ఇంకో నెలకు అజాన్ వినిపించినా చేతిలో పని ఆపదు. మూడు చోట్ల మూడు వాక్యాలు చాలు. "ఆమె ఆశ చచ్చిపోయింది" అని ఎక్కడా రాయొద్దు.

గడువు పెడితే రెండు గడువులు పెట్టండి: బంధించినవాడిది ఒకటి, బందీ తనకు తాను పెట్టుకున్నది ఇంకొకటి. రావణుడు రెండు నెలలు మిగిలాయంటాడు. సీత మాత్రం హనుమంతుడితో నెల దాటి బతకనని చెప్పి పంపుతుంది. శత్రువు ఇచ్చిన దాన్ని ఆమే సగం చేసింది. వినడానికి నిరాశలా ఉంటుంది, కానీ ఆ నెల రాముణ్ని పరుగెత్తించడానికి. బందీ చేతిలో ఇంకా ఏదో ఒక పట్టు మిగిలి ఉండాలి. లేకపోతే ఆమె కథలో మనిషిగా కాక సామానుగా పడి ఉంటుంది.

4. నమ్మకాన్ని చేతుల్లోకి దించండి

ఈ వాక్యం చూడండి: "ఎప్పటికైనా తనవాళ్ళు వస్తారన్న గట్టి నమ్మకంతో ఆమె రోజులు వెళ్ళదీసింది." ఇందులో కంటికి కనబడేది ఒక్కటీ లేదు.

ఇప్పుడిది: "ఊరి నుంచి కట్టుకొచ్చిన చీర ఒక్కటే మిగిలింది. దాన్ని ఒంటిమీదికి తీయలేదు. శుక్రవారం శుక్రవారం మడత విప్పి, ఎండ తగిలేట్టు కిటికీ ఊచలకు ఆరేసి, మళ్ళీ అదే మడతల్లో పెట్టింది." పోవాల్సిన రోజుకు చీర సిద్ధంగా ఉంచుకుంటోందని పాఠకుడు తనంతట తాను గ్రహిస్తాడు. తర్వాత ఎప్పుడో ఆ చీర చెంగు చింపి నేల తుడిచే గుడ్డ చేసిందని రాస్తే, అది చదివి గుండె కలుక్కుమంటుంది.

వస్తువును ఎంచుకోవడానికి ఒక కొలత ఉంది. దాచుకోవడానికి కష్టమై ఉండాలి, వాడుకుంటే ఉపయోగపడేదై ఉండాలి. తినదగ్గది, కట్టుకోదగ్గది, అమ్ముకోదగ్గది. వాడకుండా ఉంచడమే నమ్మకం, వాడేయడమే అనుమానం. దేవుడి పటం, పాత ఫోటో లాంటివి పనికిరావు. వాటిని ఎన్నాళ్ళు ఉంచుకున్నా ఖర్చేం లేదు. వస్తువు కథలో మూడుసార్లు కనబడితే సరిపోతుంది. ఐదోసారి వచ్చిందంటే రచయిత చెయ్యి కనబడిపోతుంది.

5. బంధించినవాడికి మాట ఇవ్వండి

తాళం ఒక్కటే వేసి ఊరుకునేవాడు కథకు పనికిరాడు. బయటి వార్త ఎంత లోపలికి రావాలో తేల్చేది వాడే. యుద్ధకాండలో రావణుడు విద్యుజ్జిహ్వుడనే మాయావి చేత రాముడి మాయా శిరస్సు చేయించి సీత ముందు పెట్టిస్తాడు. ఆమె కూలిపోతుంది. అది మాయ అని చెప్పేది సరమ, ఆ ఇంటి మనిషే. ఈ జంట గుర్తుంచుకోండి: శత్రువు నుంచి అబద్ధం, శత్రువు ఇంట్లోంచే నిజం. మన కథలో ఆ పని చేసేది అదే ఇంటి వంటమనిషి కావచ్చు, పక్కింటి డ్రైవరు కావచ్చు. కానీ వాళ్ళు చెప్పింది నమ్మడానికి కూడా ఆమెకు ధైర్యం కావాలి.

వచ్చేవాళ్ళంటేనే భయం పుట్టించడం వాడి ఇంకో ఆయుధం. "పోలీసులు వస్తే నిన్నే పట్టుకుపోతారు, దొంగతనం కేసు పెట్టేస్తాం" అంటే చాలు, గేటు కొట్టిన చప్పుడుకు ఆమె మంచం కింద దూరుతుంది. 1973 ఆగస్టులో స్టాక్‌హోం బ్యాంకులో ఆరు రోజులు బందీలుగా ఉన్న ఉద్యోగుల్లో ఒకామె ఏకంగా స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మేతో ఫోనులో మాట్లాడి, దొంగలతో పాటు తమను బయటికి పోనివ్వమని అడిగింది. పోలీసులు లోపలికి వస్తే ఆ కాల్పుల్లో తామే చస్తామని వాళ్ళ భయం. దీన్ని "బంధించినవాడి మీద ప్రేమ" అని తేల్చేసి రాసేవాళ్ళున్నారు. అలా రాస్తే పాత్ర చవకబారుతుంది. ఎవరి చేతిలో బతికే అవకాశం ఎక్కువో ఆమె లెక్క వేసుకుందని రాయండి.

6. బందీలు నలుగురైతే

నమ్మేవాడు, నమ్మనివాడు అని పంచేస్తే వాదన పోటీలా ఉంటుంది. తేదీ పెట్టుకున్నవాడు, తేదీ పెట్టుకోనివాడు అని పంచండి. నాజీ శిబిరంలో 1944 క్రిస్మస్‌కూ 1945 కొత్త సంవత్సరానికీ మధ్య వారంలో చావులు బాగా పెరిగాయని అక్కడి వైద్యుడు గమనించినట్టు ఆ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డ మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ రాశాడు. పండగకు ఇంట్లో ఉంటామని వాళ్ళు ఆశపడ్డారు, పండగ వచ్చి వెళ్ళిపోయింది. మార్చి 30న విముక్తి వస్తుందని కలగన్న ఒక ఖైదీ ఆ తేదీ దగ్గరపడ్డా ఏ వార్తా రాక, సరిగ్గా 31న చనిపోయాడనీ ఆయనే రాశాడు. పైకి కారణం టైఫస్ జ్వరం. తేదీ ఉన్న ఆశకు బలం ఎక్కువ, అది విరిగితే దెబ్బా ఎక్కువే. మీ కథలో ఆ తేదీని పాఠకుడికి ముందుగానే చెప్పి ఉంచండి, దాటిపోయిన రోజును మామూలు రోజులా రాయండి. ఏడుపులు పెట్టొద్దు. అన్నం తినకపోవడం, పక్క చుట్టకపోవడం చాలు.

లోపలివాళ్ళకు బయటి పని చప్పుడు వినిపిస్తుంటే అది వేరే రకం కథ. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మంది కూలీలు 17 రోజులు లోపలే ఉన్నారు. తొలవాల్సిన ఆగర్ యంత్రం పలుమార్లు ఆగి, చివరికి ఇనుములో ఇరుక్కుపోయింది. మిగిలిన పది పన్నెండు మీటర్లు ర్యాట్ హోల్ మైనర్లు (ఎలుక బొరియల్లాంటి సన్నటి దారులు తవ్వే కూలీలు) చేత్తో తవ్వారు. ఇలాంటి చోట అనుమానం రాయాలంటే చప్పుడు ఆగడం రాయండి. ఎందుకు ఆగిందో లోపలివాళ్ళకు చెప్పకండి. ఒకడు భోజనం వేళ అంటాడు, ఒకడు డీజిల్ అయిపోయిందంటాడు. మూడోవాడు ఏమీ అనడు. పాఠకుడు ఆ మూడోవాణ్నే చూస్తాడు.

7. గుర్తు పరీక్ష

ఎక్కువ కథలు దెబ్బతినేది ఇక్కడే. కాపాడేవాడు రాగానే బందీ ఏడుస్తూ పరుగెత్తుకొస్తుంది. అన్నాళ్ళు మోసపోయిన మనిషి అంత తేలిగ్గా నమ్మదు.

హనుమంతుడు శింశుపా వృక్షం మీద కూర్చుని ముందు ఏ భాషలో మాట్లాడాలా అని ఆలోచిస్తాడు. సంస్కృతం మాట్లాడితే రావణుడే వచ్చాడనుకుని భయపడుతుంది, కాబట్టి మామూలు మనుషుల మాటలో చెప్పాలనుకుంటాడు. కిందికి దిగకముందే రాముడి కథ వినిపిస్తాడు. అయినా సీత మొదట కల అనుకుంటుంది, తర్వాత మారువేషంలో రావణుడు అనుకుంటుంది. రాముడి గుర్తులు చెప్పమని అడుగుతుంది. వాటిని వివరంగా విన్నాకే మనసు కుదుటపడుతుంది. ఉంగరం ఇచ్చేది ఆ తర్వాత. తిరుగు గుర్తుగా ఆమె చూడామణితో పాటు, తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకి సంఘటన చెప్పి పంపుతుంది. వస్తువును దొంగిలించవచ్చు. ఇద్దరి మధ్య జరిగినదాన్ని దొంగిలించలేరు.

కాబట్టి గుర్తు కోసం గొప్ప విషయాలు వెతక్కండి. పెళ్ళి తేదీ, పిల్లల పేర్లు ఏజెంటుకూ తెలుసు. అబద్ధం ఆడేవాడికి తట్టనంత చిన్న సంగతి కావాలి. పక్కింటి డ్రైవరు గోడ మీదుగా అందించిన ఫోనులో మాట్లాడుతున్నది సాయం చేయడానికి వచ్చిన కడప మనిషి అనుకోండి:

"అమ్మా, మీ ఆయన చెప్తే చేస్తాండా."

"ఏజెంటు మనిషివి గదా నువ్వు."

"కాదు తల్లీ. నువ్వు బయల్దేరేనాడు మేకల్ని అమ్మితిరంట. నల్లమేక ఒకటి తప్పిచ్చుకోని మళ్లా ఇంటికే వచ్చెనంట. దాన్ని అమ్మలేదు, ఇంటికాడనే ఉండాదని చెప్పమన్నాడు."

ఆమె ఏమీ అనదు. ఫోను చెవి మార్చుకుంటుంది. అంతే రాసి ఆపండి.

ఈ మేకను కథ మొదటి పావులోనే ఒకసారి, వేరే పని మీద పాఠకుడికి చూపించి ఉండాలి. గుర్తు చెప్పే చోటే మొదటిసారి చూపిస్తే అది అతికించినట్టు ఉంటుంది.

8. తలుపు తెరుచుకున్నాక

ఆ ఘట్టం పొట్టిగా ఉండాలి, గందరగోళంగా ఉండాలి. వచ్చినవాళ్ళు ఎవరో లోపలివాళ్ళకు తెలియదు, లోపల ఎవరు ఎవరో వచ్చినవాళ్ళకూ తెలియదు. 1976 జులైలో ఉగాండాలోని ఎంటెబ్బేలో, హైజాక్ అయిన విమానం ప్రయాణికులను విడిపించడానికి ఇజ్రాయెల్ కమాండోలు పడుకోమని అరుస్తూ లోపలికి దూకారు. లేచి నిలబడ్డ ఒక కుర్రాణ్ని శత్రువనుకుని కాల్చేశారు. ఆశ నిజమైన క్షణమే ప్రమాదం. మన కథలో తుపాకులు లేకపోయినా చిన్న ప్రమాదమైనా ఉంచండి. ఎంబసీ మనిషి కఫీల్‌తో మర్యాదగా మాట్లాడుతుంటే, వీళ్ళిద్దరూ ఒకటే అనుకుని ఆమె లోపలికి పోయి గడియ వేసుకోవచ్చు. ఆమెను బయటికి రప్పించడానికి మళ్ళీ ఆ మేకే కావాలి.

కథ విమానం ఎక్కడంతో ఆపకండి. ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం) చేతికొచ్చి, ఊరు చేరి, వారం గడిచాక ఒక అర పేజీ రాయండి. ఆమె పెరట్లో అంట్లు తోముతుంటుంది. మొగుడు చెయ్యి కడుక్కోవడానికి వచ్చి, తన కోపం సంగతి చెప్పాలని చెప్పలేక నిలబడతాడు. ఊరి మసీదులో పొద్దున అజాన్ వినిపిస్తుంది. ఆమె చెయ్యి ఆగుతుంది. ఇక్కడ ఐదున్నర. రెండున్నర తీసేస్తే అక్కడ మూడు. ఆ ఇంట్లో చంటిపిల్ల పాలకు లేచే వేళ.